చలికి ముడుచుకున్న గాలి

డిసెంబరు పద్నాలుగు, బుధవారం. మంచు దట్టంగా ఉంది, ఎనిమిది దాటినా ఎండ లేదు. షాపు ముందు ఊడ్చి నీళ్లు చల్లాను. పంపు విప్పి లోపలి తోలు వాషరుకు కొబ్బరినూనె పట్టించాను.

ఆ రోజు నా పుస్తకంలో ఇంతే ఉంది. రోజూ పొద్దున్నే తేదీ, వాతావరణం, చేసిన పని రాసి, దాని కింద ఆనాటి పంక్చర్లు, రిపేర్లు వేసుకోవడం నా అలవాటు. ఆ రోజు దాని కింద ఏమీ రాయలేదు. వాషరును తిరిగి పంపులోకి దించుతుంటే జోగయ్య వచ్చాడు. సైకిల్ దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు.

"కాకా, సారు పోయిండు" అన్నాడు.

"ఏ సారు?" అని అడిగాను. ఏ సారో నాకు తెలుసు. ఏన్కూరులో చాలామంది సార్లు పనిచేసి వెళ్లారు. ఉత్త సారు అంటే మాత్రం ఒక్కడే, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా అక్క భర్త. నాకు బావ.

"బడికి పోదామని బూట్లు తొడుక్కుంట తొడుక్కుంట గట్లనే మంచం మీదికి ఒరిగిండట. మీ అక్క చాయ్ తెచ్చేసరికి లేడు" అన్నాడు జోగయ్య. అప్పుడు సైకిల్ దిగి, దాన్ని నా షాపు గోడకు ఆనించి, గోడకు తల ఆనించి ఏడ్చాడు. అతను అడవి లోపలి గూడెంలో పుట్టి, బావ దగ్గర వాలీబాల్ నేర్చుకుని, ఆ ఆటతోనే బస్సు డిపోలో ఉద్యోగం సంపాదించుకున్న మనిషి. ఏడవాల్సినవాడే. నాకు మాత్రం కళ్లలో నీళ్లు రాలేదు. చేతికి నూనె ఉంది, గుడ్డ కోసం వెతికాను. అంత తేలిగ్గా ఏడవగలిగినందుకు కూడా ఆ నిమిషం జోగయ్య మీద నాకు అసూయ కలిగింది.

సారు దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన పేరిట మన బడి గ్రౌండులో ఒకరోజు వాలీబాల్ పోటీలు పెడుతున్నారు. ఆ రోజు పంచే చిన్న పుస్తకానికి నన్ను రాయమన్నారు. "మీ బావ సంగతి నీకంటె ఎవరికెరుక" అన్నారు. అది నిజమే కాబట్టి నిజమే రాస్తాను. నా బావ బతికినన్నాళ్లూ ఆయన్ను చూసి నేను అసూయపడ్డాను. ఆయన నాకు ఏ అపకారమూ చేయలేదు. అసూయకు అపకారం అక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన మాటగా మీరందరూ చెప్పుకునే మాట ఒకటి ఉంది. "గాలి యాడికి పోలే, చలికి ముడుసుకున్నది." పోటీల రోజు గ్రౌండు ముందు కట్టే బట్ట మీద ఆ మాటే రాయాలని, కింద సారు పేరు పెట్టాలని తీర్మానించారు. సైకిళ్ల మడ్‌గార్డుల మీద పేర్లు రాసే చేయి కనుక బట్ట కూడా నాకే ఇచ్చారు. ఆ మాట నాది. అది ఎలా నాదో, ఎలా ఆయనదైందో చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

*

ఆయన మొదట మా ఇంటికి కిరాయికి వచ్చాడు. అప్పుడే ఉద్యోగంలో చేరాడు. మా నాన్న కలప డిపోలో కాపలా. అమ్మ నా చిన్నప్పుడే పోతే అక్కే నన్ను పెంచింది. నన్ను పెంచుతూ తన పెళ్లి మాట ఎత్తనీయలేదు. మా ముందు గది ఖాళీగా ఉంటే నాన్న ఆయనకు ఇచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, మెడలో ఈల, వలసంచీలో రెండు వాలీబాల్స్, ఇవే సామాను. నేను అప్పటికే షాపు పెట్టాను. ఆరో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నవాణ్ణి. ఆయనేమో సర్టిఫికెట్లున్న మనిషి. రోడ్డు మీద పిల్లలు ఎదురైతే ఆగి, నిటారుగా నిలబడి దండం పెట్టేవాళ్లు. నా షాపు ముందు వాళ్లు ఆగేది చైన్ పడిపోతేనే.

మా ఇంట్లో ఒక కోడి ఉండేది. అది పెట్టిన గుడ్డు నాది. అది ఎవరూ చెప్పని రూలు. ఆయన వచ్చిన కొన్నాళ్లకు నా పళ్లెంలో సగం గుడ్డు కనిపించింది.

"గిదేంది అక్కా?"

"ఆట ఆడేటోనికి బలం గావాలె గద తమ్మీ."

"మరి పొద్దంత పంపు కొట్టేటోనికి?"

ముందు గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "పంపు కొట్టేటోనికి గాలే బలం! నాకు గా గాలి గూడ లేదు, గుడ్డన్న ఇయ్యున్రి!"

అక్క నవ్వింది. మీసాలు వచ్చినవాణ్ణి, సగం గుడ్డు కోసం ఆ పూట అన్నం వదిలి లేచాను. అక్క అలా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. నన్ను బాధించింది గుడ్డు కాదు, ఆ నవ్వు. మరుసటి ఏడాదికి ఆయన నాకు బావ అయ్యాడు. అప్పటినుంచి నన్ను ఊరంతా వినేలా "బామ్మర్దీ" అని పిలిచేవాడు.

ఆయనకు బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఉండేది. కనబడిన ప్రతిదాన్నీ నొక్కేవాడు. సంతలో వంకాయలు, టమాటాలు, పుచ్చకాయలు, కిరాయి సైకిల్ టైర్లు, దేన్నీ వదలడు. కూరగాయలమ్మే అవ్వ ఒకసారి "సారూ, కొనేది లేదు గని నొక్కుడు మాత్రం బాగున్నది, నా కాయలన్ని కమిలిపాయె" అని తిడితే, అర కిలో ఎక్కువ కొనుక్కుని వచ్చాడు. బడి బాల్స్‌కు గాలి నా దగ్గరే కొట్టించేవాడు. నేను కొట్టి, నొక్కి చూసి ఇస్తే, నా వేలు తీసిన చోటే తన వేలు పెట్టి మళ్లీ నొక్కేవాడు. నా మీద నమ్మకం లేక అలా చేస్తున్నాడని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇంకో అలవాటు నన్ను ఎక్కువ బాధించేది. నేను మాట్లాడటం నిదానం. సగం మాట అని, మిగతా సగం కోసం వెతుక్కుంటాను. ఆయన ఆగేవాడు కాదు. నా మాటను ఆయనే పూర్తి చేసేవాడు. "బావా, రేపు నాన్నను దవాఖానాకు..." అంటే "తోల్కపోదాం. బస్సుల వద్దు, జీపు అడుగుత" అనేవాడు. ఎప్పుడూ సరిగ్గానే పూర్తి చేసేవాడు. తప్పుగా పూర్తి చేసి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదేమో.

*

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆయన నా షాపు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో అడవి గార్డు తన సైకిల్‌కు పొద్దున చల్లటి పూట నిండుగా గాలి కొట్టించుకుని, దాన్ని ఎదురుగా ఎండలో నిలబెట్టి, తునికాకు కట్టలు చూడటానికి వెళ్లాడు. కాసేపటికి ముందు టైరు ధడేల్‌మని పేలింది. బావ బల్ల మీద నుంచి ఎగిరి దూకాడు. చాయ్ హోటల్ దగ్గరి కుక్క లేచి పారిపోయింది.

"ఏందిర బామ్మర్దీ, బాంబా?"

"టైరు బావా. ఎండకు గాలి... పెరుగుతది. లోపల జాగ చాలదు. పొద్దుగాల నిండుగ కొట్టొద్దని చెప్తె వినలే."

అప్పటికి అది నాకు బాగా తెలిసిన విషయం. ఎవరో చెబితే తెలిసింది కాదు. చలికాలం పొద్దున వచ్చేవాళ్లంతా "ఎవడో గాలి తీసిండు" అని తిడుతూ వచ్చేవాళ్లు. ట్యూబును నీళ్లలో ముంచి చూస్తే ఒక్క బుడగ వచ్చేది కాదు. అదే సైకిల్ మధ్యాహ్నానికి గట్టిగా ఉండేది. మొదట్లో ట్యూబు మనలాగే ఊపిరి పీల్చి వదులుతుందేమో అనుకున్నాను. తర్వాత చూడగా చూడగా, గాలి బయటికి పోవడం లేదు, లోపలే చిన్నదవుతోందని అర్థమైంది.

బావ టైరు ముక్కలను చూస్తూ అడిగాడు. "మరి చలికాలంల?"

ఆ రోజు ఎందుకో ఆయన నా మాట అందుకోలేదు. మొత్తం చెప్పనిచ్చాడు. "చలికి మనం దుప్పట్ల ఎట్ల ముడుసుకుంటం? గాలి గూడ గట్లనే బావా. యాడికి పోదు. లోపల్నే ముడుసుకుంటది. సెగ తగిల్తె మల్ల కాళ్లు సాపుతది" అన్నాను.

ఆయన నా వైపు కాసేపు చూశాడు. "పొద్దుగాల నా బాల్ మెత్తగుండేది గందుకా! పిల్లలు ఆడంగ ఆడంగ గట్టిపడేది గందుకా!" అన్నాడు. పరీక్షల కోసం వేడికి గాలి వ్యాకోచిస్తుందని ఆయన కూడా చదివే ఉంటాడు. కానీ దాన్ని తన చేతిలోని బాల్‌తో కలిపి చూడలేదు. నేను టైరుతో కలిపి చూశాను గానీ, అది ఆటలో దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. ఆయన అప్పటికప్పుడే లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. పొద్దున ఆటకు ఎంత కొట్టాలి, మధ్యాహ్నం ఆటకు ఎంత తక్కువ కొట్టాలి, మెత్తబాల్‌తో ఎవరికి లాభం, గట్టిబాల్‌తో ఎవరి చేతులు వాస్తాయి. నేను గార్డుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

*

ఆ తర్వాత కొన్నేళ్లకు, ఒక జనవరి చివర, భద్రాచలం వైపు అడవి అంచున ఒక ఊళ్లో పోటీలు పెట్టారు. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని మిరప, పొగాకు వేస్తున్న రైతుల ఊరు అది. బావను రిఫరీగా పిలిచారు. ఆయన "గాలి మనిషిని తెస్త" అని నన్ను పంపుతో సహా వెంటబెట్టుకుని వెళ్లాడు. మొదటి మ్యాచ్ ఆ ఊరి టీముకూ జోగయ్యవాళ్ల గూడెం టీముకూ. గూడెం వాళ్లు ముందు రోజు సాయంత్రమే నడిచి వచ్చి, గ్రౌండు పక్కన మంట వేసుకుని, దాని చుట్టూ పడుకున్నారు.

బాల్ కొత్తది, ఖమ్మం నుంచి తెప్పించారు. దాన్ని ఆ ఊరి పెద్దరైతు, మంచుకు తోలు నానకుండా ఉండాలని, పొగాకు బ్యారన్‌లో దాయించాడు. బ్యారన్ అంటే ఆకును వేడికి ఆరబెట్టే గది. దానికి రేయింబవళ్లు కట్టెల మంట ఉంటుంది. వాళ్ల కుర్రాళ్లు ఆ వేడి గదిలోనే బాల్‌కు గాలి కొట్టి, రాయిలా ఉందని మురిసిపోయారు. పొగాకు ఊరి వాళ్లు కాకపోతే ఎవరికీ ఆ ఆలోచన రాదు. ఇంట్లో అన్నింటికంటే విలువైన సరుకు పొగాకు, అది భద్రంగా ఉన్న చోటే బాల్ కూడా భద్రంగా ఉంటుందనుకున్నారు.

తెల్లవారి బాల్‌ను గ్రౌండుకు తెచ్చారు. నోట్లోంచి పొగలొచ్చే చలి. గూడెం వాళ్లు కాసేపు ప్రాక్టీసు చేశారు. తర్వాత ఆ ఊరి కెప్టెన్ బాల్ అందుకుని, నేలకు కొట్టి, మొహం మాడ్చాడు. బాల్ మోకాలు దాకా కూడా లేవలేదు.

"చూడండి మాస్టారూ! రాత్రి రాయిలా ఉంది. వీళ్ల చేతికి ఇచ్చామో లేదో గాలి తీసేశారు" అన్నాడు.

"మేమెందుకు తీస్తం?" అన్నాడు జోగయ్య.

"మీ గూడెంలో ఆడేది చచ్చిన బాల్ కదా. మెత్తబాల్ అయితే మీకు అలవాటు, మా స్మాష్ పనిచేయదు. మాకు తెలియదేంటి?"

పెద్దరైతు కుర్చీలోంచి లేచాడు. నేను పంపు తీసుకుని ముందుకు వెళ్లాను. "ఆగవయ్యా, నువ్వు కొట్టేస్తే తీసింది ఎవరో తేలేదెట్టా?" అని నన్ను ఆపాడు. "దొంగాట ఆడేవాళ్లతో మా పిల్లలు ఆడరు. వీళ్లని పంపించేయండి మాస్టారూ. తర్వాతి టీముని పిలవండి" అన్నాడు.

గూడెం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు అప్పుడే దుప్పటి భుజాన వేసుకున్నాడు. ఎక్కడైనా తమ మాట చెల్లదని ముందే తెలిసిన మొహం అది. పంపు నా చేతిలో ఉంది, కారణం నాకు తెలుసు. అక్కడున్న అంతమందిలో దాన్ని అందరికంటే ముందు కనిపెట్టినవాణ్ణి నేనే. నోరు తెరిచాను.

"బాల్ రాత్రంత యాడుండె?" అని బావ పెద్దరైతును అడిగాడు.

"మా బ్యారన్లోనండి. వెచ్చగా, భద్రంగా."

బావ నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. "చలికి..." అన్నాను నేను. మిగతా సగం కోసం వెతుక్కున్నాను. అంతమంది నన్ను చూస్తున్నారు.

"చలికి ముడుసుకున్నది!" అన్నాడు బావ, ఈల వేసినంత గట్టిగా. "గాలి యాడికి పోలే. చలికి ముడుసుకున్నది. గంతే!"

"ఇదేం చోద్యమండీ?" అన్నాడు పెద్దరైతు.

"చోద్యం గాదు, సూడున్రి" అని బావ బాల్ తీసుకుని గూడెం వాళ్ల మంట దగ్గర గొంతుకూర్చున్నాడు. మొక్కజొన్న కంకి కాల్చినట్టు, సెగకు కొంచెం దూరంగా, బాల్‌ను చేతుల్లో మెల్లగా తిప్పుతూ పోయాడు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది. అంతకుముందు ఒక శ్రావణ మాసం ముసురులో, నా షాపు పక్క చాయ్ హోటల్ వాడి పొయ్యి ముందు ఒక ట్యూబును అలాగే తిప్పి ఆయనకు చూపించింది నేనే. కొంచెం దూరం పెట్టాలని, ఆపకుండా తిప్పాలని చెప్పింది కూడా నేనే.

కొంతసేపటికి ఆయన లేచి బాల్‌ను నేలకు కొట్టాడు. డంగ్‌మని లేచి ఆయన తల దాటింది. పెద్దరైతు దాన్ని అందుకుని, నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ నొక్కాడు. ఎవరూ పంపు ముట్టుకోలేదని అందరూ చూశారు. ఆ పంపు నా చేతిలోనే ఉంది.

దుప్పటి భుజాన వేసుకున్న గూడెం కుర్రాడు అన్నాడు. "దొరా, మేము గూడ రాత్రంత చలికి ముడుసుకునే ఉన్నం. బ్యారన్ల మాకు గూడ జర జాగ ఇస్తె గట్టిగ ఆడేటోళ్లం!"

జనం గొల్లుమన్నారు. పెద్దరైతు కూడా నవ్వాడు, అందరికీ వేడి వేడి చాయ్ తెప్పించాడు. మ్యాచ్ జరిగింది. గూడెం వాళ్లు ఓడిపోయారు గానీ, ఆడి ఓడిపోయారు. జోగయ్య ఆటను నలుగురూ చూసింది ఆ రోజే. ఆటలో బాల్ మళ్లీ చల్లబడి మెత్తబడితే ఆ ఊరి కెప్టెనే నా పంపు తీసుకుని గాలి కొట్టుకున్నాడు. ఎండ ఎక్కాక అది మరీ బిగుసుకుపోతే బావ నన్ను పిలిచాడు. "బామ్మర్దీ, జర గాలి తియ్." తీశాను. గాలి కొట్టడానికి పంపు మోసుకుని అంత దూరం వెళ్లినవాణ్ణి, ఆ రోజు చేసిన పని అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో బస్సు నిండా అదే మాట. డ్రైవరు కూడా అడిగి చెప్పించుకున్నాడు. సోమవారానికి బడికి చేరింది. తర్వాత అది బాల్‌ను వదిలి మనుషుల్లో పడింది. ఎవడైనా సిగ్గుపడి మూల కూర్చుంటే "వాడు యాడికి పోలే, చలికి ముడుసుకుండు, సెగ పెట్టున్రి" అనేవాళ్లు. పరీక్ష తప్పిన పిల్లవాడి తండ్రితో బావే అన్నాడు. "తెలివి యాడికి పోలే. నీ కేకలకు ముడుసుకున్నది. నాలుగు దినాలు మంచిగ మాట్లాడు." ఆ పిల్లవాడు ఇవాళ మన బడిలోనే లెక్కల మాస్టారు. ఈ పుస్తకం అచ్చు వేయిస్తున్నది కూడా అతనే.

ప్రతిసారీ నాకు లోపల మండేది. ఆ మాట నా దగ్గరే ఉండి ఉంటే సైకిల్ ట్యూబులు దాటి వెళ్లేది కాదని నాకు తెలుసు. తెలిసినందుకు ఇంకా మండేది.

ఒక్కసారి అడిగాను. ఆయన బల్ల మీద కూర్చుని సంతలో కొన్న టమాటాలు ఒక్కొక్కటే నొక్కుతున్నాడు.

"బావా, ఆ మాట..."

"నీదే. నాకు తెల్వదా?"

"మరి ఒక్కనికన్న చెప్పవేంది?"

"నేనెందుకు చెప్త? నేను చెప్తె గది నా దయ అయితది. నీ మాట నువ్వడిగి తీస్కో. పది మందిల నోరు తెర్వు. ఇది నాది అను. నేను పక్కపొంటి నిలబడి అవ్ అంట." టమాటాను వెలుతురుకు పట్టి చూసి, సంచిలో వేశాడు. "గని జల్దీ అడుగు బామ్మర్దీ. నాకు గూడ గది నాదే అనిపిస్తున్నది ఈ మధ్య."

నేను అడగలేదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. పక్కన నిలబడి అవ్ అనే మనిషి ఉన్నాడు కదా అనే ధైర్యంతోనే ఏళ్లు గడిపాను.

*

ఆ బుధవారం నేను వెళ్లేసరికి ఆయన్ను వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఒక కాలికి బూటు ఉంది, రెండో బూటు మంచం కింద ఉంది. అది తీయాలా, ఇది తొడగాలా ఎవరికీ తోచలేదు. వాకిలి నిండా జనం. ఏ ఊరి నుంచో వచ్చిన ఒకాయన నన్ను పక్కకు జరగమన్నాడు, సారును చూడాలని. జరిగాను.

అక్క ఏడవడం లేదు. ఆయన పాదాల దగ్గర కూర్చుని, బూటు లేని పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. దుప్పటి లాగి దాని మీద కప్పింది. మళ్లీ తీసింది, మళ్లీ కప్పింది.

"సల్లగున్నది తమ్మీ" అంది నన్ను చూసి. "ఎంత రుద్దినా గట్లనే ఉన్నది. యాడికి పోలే, చలికి ముడుసుకున్నది అంటుండె గద మీ బావ. మీ బావ మాట."

ఈ లోకంలో ఆ మాట నాదని తెలియాల్సిన మనిషి ఎవరైనా ఉంటే అది అక్కే. నన్ను పెంచిన మనిషి. "అక్కా, ఆ మాట..." అన్నాను.

అని ఆగాను, ఎప్పటిలాగే. మిగతా సగం ఎవరో అందుకుంటారన్నట్టు ఆగాను. అక్క తలెత్తి చూసింది.

"ఏంది తమ్మీ?"

"ఏం లేదు. ఇంకొక దుప్పటి తెస్త" అన్నాను.

లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచాను. కిరాయికి వచ్చినప్పుడు తెచ్చిన పెట్టే అది. దుప్పటి మీద ఈల ఉంది. ఈలను పక్కన పెట్టి, దుప్పటి తీసి, మూత వేస్తుంటే నాకు అర్థమైంది. ఆ మాట నాదని తెలిసినవాడు ఆయనొక్కడే. ఇప్పుడు నేను పది మందిలో నోరు తెరిచి ఇది నాది అంటే, పక్కన నిలబడి అవ్ అనడానికి ఎవరూ లేరు. పోయినవాడి సొమ్ముకు ఆశపడుతున్నాడని అనుకుంటారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆయన కోసమో, నా కోసమో ఇప్పటికీ తేల్చుకోలేదు. చిన్న గుడ్డు ముక్క కోసం అలిగినవాడి ఏడుపు లాంటిదే అది.

మీరు నమ్మినా నమ్మకపోయినా ఇక్కడ రాశాను. నమ్మమని అడగను.

*

ఈ రోజు ఆదివారం. మంచు ఉంది, గాలి లేదు. షాపు తెరవలేదు, అరుగు మాత్రం తుడిచాను.

పొద్దున్నే జోగయ్య తెల్లబట్ట, ఎర్రరంగు డబ్బా, పోటీలకు తెప్పించిన బాల్ తెచ్చి అరుగు మీద పెట్టాడు. బాల్‌ను నేలకు కొట్టి చూపించాడు. "మెత్తగున్నది కాకా. గాలి కొట్టు."

నొక్కి చూశాను. "ఇప్పుడొద్దు. ఎండ రానీ."

"అవ్, సారు గూడ గట్లనే అంటుండె!" అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "మాట కింద సారు పేరు మంచిగ పెద్దగ రాయి కాకా. రోడ్డు మీదికెళ్లి కనబడాలె" అన్నాడు.

బట్ట పరిచి, నాలుగు మూలలా నాలుగు స్పానర్లు పెట్టాను. సున్నపు దారంతో గీతలు కొట్టుకుని, మాట రాశాను. నేను చెప్పినట్టు కాదు, ఆయన అరిచినట్టు, రెండు ముక్కల్లో. గాలి యాడికి పోలే. చలికి ముడుసుకున్నది. అక్షరాలు బాగా వచ్చాయి. చాయ్ హోటల్ వాడు వచ్చి చదివి, కళ్లు తుడుచుకుని వెళ్లాడు.

కింద పేరుకు జాగా ఉంది. సారు అని రాయవచ్చు. ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ సారే. జోగయ్యకు సారు, లెక్కల మాస్టారుకు సారు, కూరగాయల అవ్వకు సారు, ఆ పెద్దరైతుకు కూడా మాస్టారే. వాళ్లందరూ పంచుకోగా నాకు మిగిలేది ఏముంటుందని ఇన్నేళ్లూ లెక్క చూసుకున్నాను. కానీ మా అక్కకు నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. ఆయన్ను బావ అని పిలవగలిగినవాడు ఇన్ని ఊళ్లలో ఇంకొకడు లేడు. మాట వాళ్లు తీసుకోనీ. ఇది మాత్రం ఎవరికీ ఇవ్వను.

కుంచె ముంచి 'మా' రాశాను. ఎండ అరుగు అంచు దాకా వచ్చింది. బాల్ ఇంకా నీడలోనే ఉందని చూసి, దాన్ని కొంచెం ఇవతలికి జరిపి, బొటనవేలితో నొక్కి చూసి, 'మా' పక్కన 'బావ' అని పూర్తి చేశాను.